విత్తే రైతుకు సగటు చాలదు: వర్షాధార సాగు సిఫార్సుల్లో సంభావ్యతా విభాజనాల ఆవశ్యకత

మృగశిర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు పడగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల రైతులు శాస్త్రజ్ఞులను, విస్తరణాధికారులను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు విత్తుకోవచ్చా? ఈ చిన్న ప్రశ్నలో మరో ప్రశ్న ఇమిడి ఉంది. విత్తిన తరువాత వారం పది రోజులు వాన ముఖం చాటేస్తే మొలక నిలుస్తుందా? ఎండిపోయే ప్రమాదం ఎంత? రైతు అడుగుతున్నది సంభావ్యతను గురించి. అతనికి సాధారణంగా లభించే సమాధానం మాత్రం సగటు. ఈ వారపు సాధారణ వర్షపాతం ఇన్ని మిల్లీమీటర్లు, జూన్ నెల సాధారణం ఇంత, నిరుటి కంటే ఇంత శాతం ఎక్కువ అని చెబుతారు. ఆ అంకెల్లో తప్పు ఉండదు. కాని అవి అడిగిన ప్రశ్నకు సమాధానాలు కావు.

ఈ తేడా వల్ల నష్టపోయేది ఎవరో చెప్పనక్కరలేదు. పత్తి గాని, మక్కజొన్న గాని తొలకరికే విత్తి, ఆ వెంటనే బెట్ట వస్తే విత్తనాల ఖర్చు, దుక్కి ఖర్చు, కూలీల ఖర్చు మట్టిలో కలుస్తాయి. పోగుంటలు నింపితే సరిపోయే చోట కొంత మేలు. చేను మొత్తం మళ్లీ విత్తవలసి వస్తే అప్పు రెట్టింపవుతుంది. బావి, బోరు ఉన్న రైతు ఒక తడి ఇచ్చి గట్టెక్కుతాడు. చల్క నేలను కౌలుకు తీసుకొన్న రైతుకు ఆ అవకాశం లేదు. వర్షాధార సాగుకు ఇచ్చే ప్రతి సిఫార్సూ సగటుతో పాటు సంచిత సంభావ్యతను, అంటే పదేళ్లలో ఎన్నేళ్లు కనీసం ఎంత వర్షం పడుతుందన్న లెక్కను తప్పనిసరిగా చెప్పాలన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన.

సగటు దాచే విషయం

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. ఒక మండలంలో జూన్ నెలలోని ఒక వారానికి పదేళ్ల వర్షపాతం, చిన్న విలువ నుంచి పెద్ద విలువకు, ఇలా ఉందనుకొందాం: 0, 4, 8, 12, 15, 20, 28, 38, 60, 215 మి.మీ. మొత్తం 400, సగటు 40 మి.మీ. ఈ సగటును చూసిన వారెవరైనా విత్తడానికి అది మంచి వారమే అనుకొంటారు. కాని సగటుకు మించి వర్షం పడినది పదేళ్లలో రెండేళ్లే. మిగిలిన ఎనిమిదేళ్లలో సగటు కంటే తక్కువే. మధ్యగతం 17.5 మి.మీ. మాత్రమే. ఒక్క 215 మి.మీ. ఏడాదిని పక్కన పెడితే మిగిలిన తొమ్మిదేళ్ల సగటు 21 మి.మీ.కు కూడా చేరదు.

అటువంటి ఏడాది ఊహలో మాత్రమే ఉండేది కాదు. 2021 సెప్టెంబరులో కురిసిన కుండపోత వానకు సిరిసిల్ల పట్టణ వీధులు నీటమునిగాయి. అటువంటి వాన ఒకసారి నమోదైతే ఆ వారపు సగటు ఎన్నో ఏళ్ల పాటు పైకి లాగబడి ఉంటుంది. ఆ నీరు చాలావరకు వాగుల్లోకి పోయినదే తప్ప మరుసటి ఏటి విత్తనానికి పదును ఇచ్చినది కాదు.

పై పది విలువలనే సంచిత రూపంలో చదివితే చిత్రం మారుతుంది. కనీసం 8 మి.మీ. పదేళ్లలో ఎనిమిదేళ్లు, కనీసం 12 మి.మీ. ఏడేళ్లు, కనీసం 20 మి.మీ. ఐదేళ్లు, కనీసం 38 మి.మీ. మూడేళ్లు పడింది. ఇందులో క్లిష్టమైన గణితం లేదు. విలువలను వరుసలో పేర్చి, ఒక హద్దుకు పైన ఎన్ని ఉన్నాయో లెక్కించడమే సంచిత విభాజనానికి తొలి మెట్టు. పదేళ్ల రికార్డులోని కనిష్ఠ విలువే శాశ్వత కనిష్ఠం అనుకోరాదు గనుక, పెద్ద విలువ నుంచి పేర్చినప్పుడు వచ్చే వరుస సంఖ్యను మొత్తం ఏళ్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగించే పద్ధతిని జలశాస్త్రజ్ఞులు వాడతారు. ఆ పద్ధతిలో పై ఉదాహరణలోని ఎనిమిదో విలువ, అంటే 8 మి.మీ., 11లో 8 వంతుల, దాదాపు 73 శాతం లభ్యతగా లెక్కకు వస్తుంది. రికార్డు 30, 40 ఏళ్లకు పెరిగితే గామా వంటి అవిచ్ఛిన్న విభాజనాన్ని అమర్చి మధ్య విలువలను కూడా అంచనా వేయవచ్చు.

నదీజలాలకు ఒక కొలమానం, పొలానికి మరొకటి

సంచిత సంభావ్యత తెలుగు నేలకు కొత్త విషయం కాదు. నదీజలాల పంపకమంతా దానిపైనే నడిచింది. కృష్ణా జలాల వివాద పరిష్కారానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం లభ్యత ప్రాతిపదికన 2,060 టీఎంసీలను రాష్ట్రాల మధ్య పంచింది. నూటికి 75 ఏళ్లు నదిలో కనీసం అంత నీరు ఉంటుందని దాని భావం. 2010లో తీర్పు వెలువరించిన బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 47 ఏళ్ల ప్రవాహ లెక్కలను పరిశీలించి 75 శాతం లభ్యత వద్ద 2,173 టీఎంసీలు, 65 శాతం వద్ద 2,293 టీఎంసీలు, సగటున 2,578 టీఎంసీలుగా తేల్చింది. నది అదే, లెక్కలు అవే. ఏ సంభావ్యత వద్ద చదవాలన్న ఒక్క నిర్ణయంపై 405 టీఎంసీల తేడా ఆధారపడింది. అందుకే 75 శాతమా, 65 శాతమా అన్న విషయంపై రాష్ట్రాలు ఏళ్ల తరబడి వాదించాయి.

ఏ రాష్ట్రమూ సగటు నీటిని నమ్మి ఆయకట్టును నిర్ణయించడాన్ని ప్రశ్నించకుండా అంగీకరించదు. లభ్యత ఎంత అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. మానేరు, గోదావరి పరీవాహక ప్రాంతాల్లోని ప్రాజెక్టుల రూపకల్పనకూ ఇదే సూత్రం. మరి కాలువ నీరు అందని రెండెకరాల చల్క నేలకు కేవలం సగటును చెప్పి విత్తుకొమ్మనడం ఏ న్యాయం? నీటిని పంచుకొనే ప్రభుత్వాలకు అవసరమైన జాగ్రత్త, తన దగ్గరున్న కొద్దిపాటి పెట్టుబడిని మట్టిలో వేసే రైతుకు మరింత అవసరం.

వాన పడే రోజుల లెక్క

మొలక దశలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్న దానితో సమానంగా, ఎన్ని రోజులు పడిందన్నదీ ముఖ్యమే. ఒకే రోజు 40 మి.మీ. పడి ఆరు రోజులు ఎండ కాయడం వేరు. నాలుగు రోజులు పదేసి మి.మీ. చొప్పున పడడం వేరు. భారత వాతావరణ శాఖ 2.5 మి.మీ. లేదా అంతకు మించి వర్షం పడిన రోజును వర్షపు రోజుగా పరిగణిస్తుంది. వారంలో వర్షపు రోజుల సంఖ్య 0 నుంచి 7 వరకు పూర్ణాంకాలుగానే ఉంటుంది. కాబట్టి ఇది విచ్ఛిన్న చలరాశి.

ఒక వారంలో ఏ రోజైనా వర్షపు రోజు అయ్యే సంభావ్యత 0.4 అనుకొందాం. సగటున వారానికి 2.8 వర్షపు రోజులు. ద్విపద విభాజనం ప్రకారం ఒక్క వర్షపు రోజూ లేని వారం వచ్చే అవకాశం 2.8 శాతం, ఒకటి లేదా అంతకంటే తక్కువ రోజులకు 15.9 శాతం, రెండు లేదా అంతకంటే తక్కువ రోజులకు 42 శాతం. ఈ చివరి రెండు అంకెలూ సంచిత సంభావ్యతలే. సగటు దాదాపు మూడు రోజులని వినగానే మూడు రోజుల వాన ఖాయమనిపిస్తుంది; నిజానికి కనీసం మూడు వర్షపు రోజులుండే అవకాశం 58 శాతమే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ద్విపద విభాజనం ప్రతి రోజునూ నాణెం ఎగరవేతలా స్వతంత్రమైన ఘటనగా భావిస్తుంది. రుతుపవనాల వాన అలా పడదు. పడితే నాలుగు రోజులు వరుసగా పడుతుంది, ఆగితే వరుసగా ఆగుతుంది. టెల్ అవీవ్ వర్షపాత రికార్డులపై గాబ్రియెల్, న్యూమన్ 1962లో ప్రచురించిన అధ్యయనం, నిన్న వాన పడిందా లేదా అన్న దానిపై నేటి సంభావ్యత ఆధారపడుతుందనే మార్కోవ్ శృంఖల నమూనాను ఈ రంగంలో స్థిరపరచింది. పై ఉదాహరణలోనే పొడి రోజు తరువాత మళ్లీ పొడి రోజు వచ్చే సంభావ్యత 0.75, వర్షపు రోజు తరువాత మళ్లీ వర్షపు రోజు వచ్చే సంభావ్యత 0.625 అనుకొందాం. వర్షపు రోజుల సగటు మారదు. వారానికి అదే 2.8. కాని పూర్తిగా పొడిగా గడిచే వారం సంభావ్యత 2.8 శాతం నుంచి 10.7 శాతానికి పెరుగుతుంది. వరుసగా పది రోజుల బెట్టను తీసుకొంటే అది 0.6 శాతం నుంచి 4.5 శాతానికి, అంటే ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. సగటును మాత్రమే చూసేవారికి ఈ రెండు వాతావరణాలూ ఒక్కటే. మొలకకు మాత్రం వాటి మధ్య చావు బతుకుల తేడా ఉంది. తగని విభాజనాన్ని ఎంచుకోవడం, అసలు విభాజనమే వాడకపోవడం కంటే కొన్నిసార్లు ఎక్కువ ప్రమాదకరం.

ఏళ్ల మీద పేరుకొనే ప్రమాదం

తొలకరికే విత్తిన చేను మళ్లీ విత్తవలసి వచ్చే ప్రమాదం ఏడాదికి పదింట రెండు వంతులు అనుకొందాం. ఒక్క ఏడాదికి చూస్తే ఇది భరించదగినదిగా తోస్తుంది. ఏ ఏటికాయేడు స్వతంత్రమని భావిస్తే, ఐదేళ్లలో ఒక్కసారైనా మళ్లీ విత్తవలసి వచ్చే సంభావ్యత 67 శాతం. రెండు లేదా అంతకు మించిన సార్లు నష్టపోయే సంభావ్యత 26 శాతం. నలుగురిలో ఒకరికి ఐదేళ్లలో రెండు దెబ్బలు తగులుతాయన్నమాట. మొదటి నష్టాన్ని అప్పుతో పూడ్చుకొన్న రైతు రెండో నష్టం వద్ద కూలిపోతాడు. ఏటేటా అదే సలహా ఇచ్చే వ్యవస్థ ఈ సంచిత ప్రమాదాన్ని కూడా లెక్కించాలి.

మరో సూక్ష్మం ఉంది. ఒక రైతుకు సంబంధించి ఏళ్లను స్వతంత్రంగా భావించవచ్చునేమో గాని, ఒక ఊరిలోని రైతులను స్వతంత్రులుగా భావించరాదు. బెట్ట వస్తే ఊరంతటికీ వస్తుంది. పొరుగు రైతు వద్ద చేబదులు దొరికే అవకాశమూ, రెండోసారి విత్తనాలు సరసమైన ధరకు దొరికే అవకాశమూ ఒకేసారి మూసుకుపోతాయి. పంటల బీమాను వ్యక్తిగత నష్టాల మొత్తంగా కాక, ఒకే దెబ్బకు వేలమంది నష్టపోయే ఘటనగా రూపొందించవలసింది ఇందుకే.

ఒకే సంభావ్యత, వేర్వేరు నిర్ణయాలు

పత్తికి 60 నుంచి 75 మి.మీ. వర్షం పడి నేల బాగా తడిసిన తరువాతే విత్తుకోవాలన్న సిఫార్సు మంచిదే. కాని అది ఇప్పటికే పడిన వాన గురించి చెబుతుందే తప్ప పడబోయే వాన గురించి చెప్పదు. పదేళ్లలో ఐదేళ్లు, ఏడేళ్లు, ఎనిమిదేళ్లు ఆ హద్దు ఏ తేదీ నాటికి దాటుతుంది, దాటిన తరువాత పది రోజుల బెట్ట ఎన్నేళ్లు వచ్చింది అన్న రెండు లెక్కలు తోడైతేనే అది సంపూర్ణమవుతుంది.

అప్పుడైనా నిర్ణయం అందరికీ ఒకటి కాదు. ముందుగా విత్తి నిలదొక్కుకొన్న పంట వల్ల ఎకరాకు 4,000 రూపాయల అదనపు లాభం, ఎండిపోతే 6,000 రూపాయల నష్టం అనుకొందాం. మొలక నిలిచే సంభావ్యత 60 శాతం దాటితేనే ముందుగా విత్తడం లాభసాటి. 6,000ను 10,000తో భాగిస్తే వచ్చేది అదే. బోరు ఉన్న రైతు ఒక తడితో నష్టాన్ని 2,000 రూపాయలకు తగ్గించుకోగలిగితే అతనికి 33 శాతం దాటితే చాలు. వాతావరణం చెప్పేది 50 శాతం అయితే, బోరు ఉన్నవాడు విత్తడమూ సరైనదే, కౌలు రైతు ఆగడమూ సరైనదే. ఒకే సగటు ఆధారంగా ఇద్దరికీ ఒకే తేదీ చెప్పడం మాత్రం సరికాదు. శాస్త్రజ్ఞుడు సంభావ్యతను అందించాలి. హద్దును ఎంచుకొనే హక్కు రైతుకు ఉండాలి.

గింజల్లో, మందల్లో ఇదే సూత్రం

సోయాచిక్కుడు విత్తనానికి ధ్రువీకరణ ప్రమాణం కనీసం 70 శాతం మొలక. నిల్వలో త్వరగా మొలక శక్తిని కోల్పోయే గింజ గనుక ఇంటివద్ద పరీక్షించుకొమ్మని రైతులకు చెబుతారు. తడి గోనెసంచిలో పది గింజలు పెట్టి, ఆరు మొలిస్తే వాడుకోవచ్చని నిర్ణయించుకొన్నారనుకొందాం. నిజంగా 70 శాతం మొలకెత్తే మంచి విత్తనం ఈ పరీక్షలో తప్పే సంభావ్యత 15 శాతం; 50 శాతమే మొలకెత్తే నాసి విత్తనం నెగ్గే సంభావ్యత 38 శాతం. అదే నూరు గింజలు పెట్టి అరవై హద్దుగా పెట్టుకొంటే ఈ పొరపాట్లు వరుసగా సుమారు 1 శాతానికి, 3 శాతానికి తగ్గుతాయి. ఖర్చు తొంభై గింజలు మాత్రమే. విత్తన పరీక్షాకేంద్రాలు 400 గింజలను పరీక్షించడం వెనుక ఉన్నదీ ఈ ద్విపద విభాజనమే.

కోరుట్ల పశువైద్య కళాశాల విద్యార్థికీ ఇది తెలియవలసిన లెక్కే. పెద్ద మందలో పదింట ఒక వంతు జీవాలకు వ్యాధి సోకి ఉంటే, యాదృచ్ఛికంగా పది జీవాలను పరీక్షించినప్పుడు ఒక్కటీ దొరకకుండా పోయే సంభావ్యత 35 శాతం. దానిని 5 శాతం లోపునకు తేవాలంటే, పరీక్ష ఎన్నడూ తప్పు చూపదనుకొన్నా, కనీసం 29 జీవాలను చూడాలి. పది జీవాల్లో వ్యాధి కనిపించలేదు గనుక మందలో వ్యాధి లేదనడం శాస్త్రం కాదు. వరిలో ఉల్లికోడు నిఘాకూ ఇదే వర్తిస్తుంది; పైగా పురుగులు పొలమంతా సమానంగా పరచుకోక గుంపులుగా ఉంటాయి గనుక పాయిజాన్ విభాజనం కంటే రుణాత్మక ద్విపద విభాజనం అక్కడ వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. గట్టు పక్క నాలుగు కుదుళ్లు చూసి వెనుదిరగడం చాలదు.

రెండు ఆక్షేపణలు

రైతులకు సంభావ్యత అర్థం కాదన్నది మొదటి ఆక్షేపణ. 0.7 అన్న అంకె అర్థం కాకపోవచ్చు. పదేళ్లలో ఏడేళ్లు అన్న మాట ఎవరికి అర్థం కాదు? కార్తెల వారీగా వానను గుర్తుంచుకొని, ఏ కార్తెలో విత్తితే ఎంత నమ్మకమో తరతరాలుగా బేరీజు వేసుకొన్న సమాజమిది. రైతు అనుభవంలో సంచిత విభాజనం ముందే ఉంది. దానికి నిక్కమైన అంకెలు అందించడమే శాస్త్రం పని.

వాతావరణం మారుతున్నప్పుడు పాత రికార్డులు ఎందుకన్నది రెండోది. ఇది బలమైన ఆక్షేపణ. ఈ లోపం సగటుకూ ఉంది. భారత వాతావరణ శాఖ సైతం దేశపు నైరుతి రుతుపవన సాధారణ వర్షపాతాన్ని 1971-2020 కాలానికి సవరించి దాదాపు 88 సెం.మీ. నుంచి 87 సెం.మీ.కు తగ్గించింది. మొత్తంలో మార్పు స్వల్పం. కాని భారీ వానలూ, వాటి మధ్య బెట్టలూ పెరిగినా సగటు అక్కడే నిలిచి ఉండగలదు. మార్పు మొదట కనిపించేది విభాజనపు అంచుల్లోనే. కాబట్టి పూర్తి రికార్డుకు, ఇటీవలి కాలానికి వేర్వేరుగా పట్టికలు వేసి పక్కపక్కన పెట్టాలి. రెండింటికీ పొంతన లేకపోతే ఆ విషయమూ రైతుకు చెప్పాలి.

చేయవలసినది

పొలాస పరిశోధనా స్థానం వంటి చోట్ల రోజువారీ వర్షపాతం నమోదవుతూనే ఉంది. మండలాల వర్షమాపకాల లెక్కలూ ఉన్నాయి. వాటి నుంచి ప్రతి మండలానికి ఒక పుట పట్టిక తయారు కావాలి: జూన్ మొదటి వారం నుంచి అక్టోబరు వరకు ప్రతి వారానికి పదేళ్లలో ఐదేళ్లు, ఏడేళ్లు, ఎనిమిదేళ్లు కనీసం పడే వర్షం, వర్షపు రోజుల సంఖ్య, వారం, పది రోజుల బెట్ట వచ్చే అవకాశం. మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహా పత్రాల్లో రాబోయే ఐదు రోజుల సూచన పక్కనే ఈ లెక్క ఉంటే చాలు. నల్లరేగడికి, చల్కకు వేర్వేరు హద్దులు పెట్టాలి.

ఈ పనికి చేతులు కూడా సిద్ధంగానే ఉన్నాయి. జగిత్యాల, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలల్లో ద్విపద, పాయిజాన్ విభాజనాలు ఇప్పటికీ నాణేలతో, పాచికలతో, పరీక్ష కోసం నేర్పుతున్నారు. పరీక్ష ముగియగానే అవి మరుగున పడతాయి. పాచికకు బదులు వర్షపాత రిజిస్టరును విద్యార్థి ముందుంచితే, ఒక్కొక్కరు ఒక్కో మండలపు పట్టికను తయారు చేస్తారు. చివరి సంవత్సరపు గ్రామీణ పని అనుభవంలో దానిని అదే మండలపు రైతుల ముందు పెట్టి, వారి జ్ఞాపకంతో సరిపోల్చుకొంటారు. తప్పు ఎక్కడున్నా అక్కడ బయటపడుతుంది.

పరిశోధనా పత్రాలకూ ఈ క్రమశిక్షణ అవసరం. మూడేళ్ల ప్రయోగాల సగటు దిగుబడిలో ఒక రకం నూటికి పది వంతులు మిన్న అని ముగించడం చాలదు. ఎన్ని చోట్ల, ఎన్ని ఏళ్లలో మిన్న, ఎన్నిసార్లు ప్రమాణ రకం కంటే తగ్గింది, తగ్గినప్పుడు ఎంత తగ్గింది అన్నవి కూడా ముద్రించాలి. 1920ల్లో రోథామ్‌స్టెడ్ గోధుమ దిగుబడులపై ఫిషర్ చేసిన అధ్యయనం, ఏడాది మొత్తం వర్షం కంటే అది ఏ కాలంలో ఎలా పడిందన్నదానిని విడిగా చూడవలసిన అవసరాన్ని చూపింది. శతాబ్దం గడిచింది. వర్షాధార సాగులో ఆ పాఠం సలహా పత్రాల దాకా ఇంకా చేరలేదు.

ఏ లెక్కా వానను కురిపించదు. పదింట ఏడు వంతులు నమ్మకమున్న ఏడాది కూడా చేను ఎండవచ్చు; ఆ మూడు వంతులు ఎక్కడికీ పోవు. అయితే ప్రమాదాన్ని తెలిసి ఎదుర్కొన్న రైతు సగం చేను ఇప్పుడు, సగం తరువాత విత్తుకొంటాడు, విత్తనంలో కొంత దాచుకొంటాడు, అప్పు తెచ్చే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. సగటును నమ్మి మోసపోయిన రైతుకు ఆ అవకాశం ఉండదు. వచ్చే మృగశిరకు విత్తుకోవచ్చా అని ఎవరైనా అడిగినప్పుడు, పదేళ్లలో ఇన్నేళ్లు అని చెప్పగల స్థితికి ఈ మూడు చోట్ల ఉన్న విద్యాసంస్థలైనా చేరుకోవాలి.